నాగవ్వకు కట్టిన సీటు

వాగు మీది వంతెన దాటి రోడ్డు పైకి లేచే చోటు వచ్చిందంటే చాలు, వెనక క్యారియర్ మీద కూర్చున్న నాగవ్వ మొగుడి చొక్కా పట్టుకుని గుంజేది.

"ఆపు. సీటు గుచ్చుతాంది. దిగుత."

"ఇంకెంతున్నది? జర ఓర్చుకో. ఈ ఎత్తు ఎక్కితే అయిపాయె."

"ఆపుతవా, దునుకాల్నా?"

దూకుతానంటే దూకే మనిషే ఆమె. అందుకని రాయమల్లు బ్రేకు నొక్కేవాడు. నాగవ్వ దిగి, నీరుపట్టి ఉబ్బిన కాళ్లను ఈడ్చుకుంటూ, క్యారియర్ పట్టుకుని ఎత్తంతా నడిచేది. పైకి చేరాక మారుమాట లేకుండా మళ్లీ ఎక్కి కూర్చునేది. అక్కడినుంచి మంచిర్యాల పెద్దాసుపత్రి దాకా సీటు గుచ్చిందన్న మాటే ఉండేది కాదు. ఇదెక్కడి చోద్యమో రాయమల్లుకు అంతుపట్టలేదు.

నాగవ్వకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్ మిషిన్ మీద పడుకుంటేనే ఆమె ఒంట్లో నీరు దిగుతుంది, ఊపిరి సాఫీగా ఆడుతుంది. ఒక్క వంతు తప్పితే మొహం ఉబ్బుతుంది. రెండు తప్పితే ఏమవుతుందో అక్కడ మిషిన్లు చూసే కుర్రవాళ్లు మొహమాటం లేకుండా ముందే చెప్పారు. మిషిన్‌కు ఖర్చేమీ లేదు. నస్పూర్‌లో బొగ్గుగని కంపెనీ క్వార్టర్ల వెనక తాముండే రేకుల గది నుంచి అక్కడిదాకా చేరడమే బ్రహ్మప్రళయం.

బస్సెక్కించకపోలేదు. ఆడవాళ్లకు టికెట్ లేకుండా పోయాక బస్సులో కాలు పెట్టే సందుండటం లేదు. సూదులు గుచ్చే చెయ్యి ఎవరికీ తగలకూడదని నాగవ్వ దాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడితే, ఒకరోజు పక్కనున్న మనిషి బ్రేకుకు తూలి ఆ చేతినే ఒడిసిపట్టుకుంది. నాగవ్వ కేక విని డ్రైవరు బస్సాపేశాడు. ఆ చేతిలో రక్తం నడిచే నరం మూసుకుపోతే మిషిన్ పెట్టడానికి ఇంకో జాగా వెతకాలట. ఆ రోజు నుంచి బస్సంటే ఆమెకు వణుకు. ఆటో ఎక్కితే ఆ కుదుపులకు కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది. అట్లా చివరికి సైకిలే దిక్కయింది.

రాయమల్లు గనిలో టింబర్‌మన్‌గా బతికిన మనిషి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్కముక్కలు కొట్టి బిగించడం అతని పని. నాగవ్వకు మొదట జబ్బు చేసినప్పుడు దవాఖానల చుట్టూ తిరిగి డ్యూటీలు ఎగ్గొట్టాడు, హాజరు మస్టర్లు తక్కువపడి కొలువు పోయింది. కొలువుతోపాటే కంపెనీ దవాఖాన కార్డూ పోయింది. ఇప్పుడు ఒక రైసుమిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. కొలువు పోయినా బుర్ర మాత్రం టింబర్‌మన్ బుర్రే. నొప్పి అంటే బరువంతా ఒకేచోట పడటమని అతని నమ్మకం. ఆ చోటేదో కనిపెట్టి కింద ఇంత ఊత పెడితే నొప్పి తీరాల్సిందే. ఇంతకంటే వేరే ఆలోచన ఆ మొండి ఘటానికి తట్టదు.

మొదట బొంత మడిచి క్యారియర్‌కు కట్టాడు. అది జారిపోయింది. తర్వాత పాత సామాన్ల దుకాణంలో తిరిగి తిరిగి ఒక మోటార్‌సైకిల్ వెనక సీటు సంపాదించాడు. దాన్ని ఆమె కొలతకు కోసి, కింద చెక్క వేసి, క్యారియర్‌కు నాలుగు మూలలా బోల్టులు దిగేశాడు. మీద కొత్త రెగ్జిను కుట్టించాడు. నాగవ్వ కూర్చుని చేత్తో నిమిరి చూసింది. "మంచిగున్నది" అంది. వాగు దాటగానే చొక్కా గుంజింది.

కాళ్లు వేలాడటం వల్ల బరువంతా తుంటి మీద పడుతోందనుకుని, పాదాలు ఆనించడానికి రెండు పక్కలా ఇనుపకడ్డీలు బిగించాడు. పాత కుర్చీ వీపు కోసి వెనక ఆనుకోవడానికి పెట్టాడు. అప్పుడూ అంతే. ఎత్తెక్కేటప్పుడు మనిషి వెనక్కి జారి వెన్ను కింది ఎముక మీద బరువు పడుతుంది కదా అని తనలో తనే లెక్కలు కట్టుకుని, సీటు వెనక బోల్టులు వదులుచేసి బెల్టు ముక్క దూర్చి ఎత్తు లేపాడు. గనిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు అది, పాతబడితే కార్మికుల ఇళ్లలో గడపకూ గొళ్లానికీ అన్నిటికీ పనికొస్తుంది. ఆ ఎత్తుకు నాగవ్వ ముందుకు జారి మొగుడి వీపుకు అతుక్కుపోయింది. వాగు దగ్గర ఎప్పటిలాగే పాత పాటే పాడింది. చివరికి కింద స్ప్రింగులు కూడా వేశాడు. నన్నడిగితే, నస్పూర్‌లో ఏ ఆఫీసరు కారులోనూ అంత మంచి సీటుండదు.

ఒక్కోసారి ఎత్తు మధ్యలో ఆమె అడిగేది: "ఏంది గా చప్పుడు?"

"చైను. ఆయిల్ పొయ్యాలె."

ఇంటికి రాగానే రాయమల్లు చైనుకు ఆయిల్ పోసేవాడు. నాగవ్వ గడపలో కూర్చుని ఆ పోయడం చూస్తూ ఉండిపోయేది.

మొన్నటి వంతుకు మాత్రం నాగవ్వ అసలు కదల్లేదు. పొద్దున్నే రాయమల్లు సైకిలు తుడిచి గుమ్మం ముందు నిలబెడితే, గోడకు ఆనుకుని కూర్చున్న చోటునుంచి లేవలేదు.

"నేను రాను. ఆ సీటు మీద కూసునుడు నాతోని కాదు."

"ఇంకోతీరుగ బిగిస్తనే. చెప్పు, ఏడ గుచ్చుతాంది?"

"అంతట గుచ్చుతాంది. ఇగ మిషిన్ వద్దు, ఏమొద్దు."

బతిమాలాడు. కసిరాడు. చేతులు పట్టుకుంటే విడిపించుకుంది. కరీంనగర్ హాస్టల్‌లో ఇంటర్ చదువుతున్న కూతురు నిఖితకు ఫోను చేస్తానని బెదిరించాడు. "చెయ్యి. పరీక్షల ముంగట పిల్లను పరేషాన్ చెయ్యి" అంది నాగవ్వ. అతని చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

ఆ వంతు పోయింది. ఇవాళ మళ్లీ వంతు. తెల్లవారేసరికి నాగవ్వ కళ్లు ఉబ్బి సన్నటి గీతల్లా మిగిలాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంది. కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడటం లేదు. రాయమల్లుకు ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"నీ కాళ్లు మొక్కుత, లేవ్వే. ఆటో పిలుస్త. కక్కుకుంటే కక్కుకున్నవు గాని. అంబులెన్స్ పిలుస్త."

"ఇయ్యాలకు పిలుస్తవు. ఎల్లుండికి ఎవలను పిలుస్తవు? ఆవలెల్లుండికి? పోయిరా, నీ పని నువ్వు చేస్కో."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ఇంట్లో ఉప్పయిపోయిందన్నంత మామూలుగా అంది. ఈమె నిజంగానే పోవడానికి సిద్ధపడిందని అప్పుడు తెలిసింది. వెర్రెత్తినట్టు సైకిలు తీసుకుని రోడ్డు మీద పడ్డాడు.

చౌరస్తా పక్కన ఆశీర్వాదం సైకిల్ దుకాణముంది. ఆశీర్వాదం కూడా గని మనిషే, కాకపోతే లోపలికి దిగినవాడు కాదు. పైన లాంపు రూములో టోపీలైట్లు ఇచ్చి పుచ్చుకుంటూ రిటైరయ్యాడు. భారీ మనిషి. దుకాణంలో అతని భార్య మగ్దలేనమ్మ స్టవ్ మీద చాయ్ పెడుతోంది. రాయమల్లు సైకిలును అతని ముందుకు తోసి అక్కడే కూలబడ్డాడు.

"ఏమన్న చెయ్యి ఆశీర్వాదం. ఈ సీటు ఇప్పి అవతల పారేయ్. కొత్తది కట్టు. మంచమే కడుతవో, తొట్టెలే కడుతవో. అది మిషిన్‌కు రానంటాంది. మధ్యానం దాటితే ఇయ్యాలటి వంతు గూడ పోతది. అది సచ్చిపోతది."

ఆశీర్వాదం పానా కింద పెట్టి సీటు చుట్టూ తిరిగాడు. అరచేత్తో నొక్కాడు, స్ప్రింగు లేచి వచ్చింది. బోల్టులన్నీ తడిమాడు.

"పాస్టరుగారి కుర్చి గూడ గింత మెత్తగుండదు. గుచ్చుడేంది?"

"ఎత్తు కాడ గుచ్చుతాందట. సాపుగ ఉన్నకాడ ఏం కాదట."

"నువ్వు కూసొని సూసినవా?"

"నేనెందుకు కూసుంట? నేను తొక్కేటోన్ని."

"గనిల దుంగ నిలవెట్టినంక కూలీలను పిలిచే ముందు, దాని కింద ఎవలు నిలవడేది?"

రాయమల్లు తలొంచుకున్నాడు. "నేనే."

టింబర్‌మన్ తాను నిలబెట్టిన దుంగ కింద ముందు తానే నిలబడి చూపించాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు లోపలికి అడుగు పెడతారు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ రాసి ఉండదు, కానీ అట్లా నిలబడని వాడి కింద ఎవడూ పని చెయ్యడు. సర్వీసంతా తప్పకుండా పాటించిన మనిషి, పెళ్లాం కూర్చునే సీటు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాడు. ఆడదాని సీటు మీద మగాడు కూర్చోవడమేమిటన్న బిడియం కూడా కొంత ఉంది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

"ఎక్కు" అన్నాడు ఆశీర్వాదం హ్యాండిలు పట్టుకుని. "ఎత్తు దాక నేను తొక్కుత. ఏడ గుచ్చుతదో నీ పిర్రకే తెలుస్తది."

"నవ్వుతరు జనం."

"నవ్వనీ. నాగవ్వ సచ్చినంక ఏడుస్తరు గదా, ఇప్పుడు నవ్వితే ఏమాయె?"

రాయమల్లు ఎక్కాడు. బండి కదిలేసరికి మగ్దలేనమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి, "ఏందయ్యా, పెండ్లికొడుకును ఊరేగిస్తున్నవా?" అని అరిచింది. చౌరస్తాలో షిఫ్టు దిగి నిలబడ్డవాళ్లంతా గొల్లుమన్నారు. రాయమల్లు చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు మూసుకుని ఒంటినంతా సీటు మీదికి వదిలేసి, ఎక్కడ గుచ్చుతుందా అని కాసుకున్నాడు.

ఎక్కడా గుచ్చలేదు. గుంటలో పడ్డా స్ప్రింగులు మింగేశాయి. వీపుకు ఆనిక బాగుంది. వెనక లేపిన ఎత్తు వల్ల కొంచెం ముందుకు జారుతున్నాడు, అంతే. చేసినవాడు కనుక లోపల గర్వం కూడా వేసింది. వంతెన దాటారు. రోడ్డు పైకి లేచింది.

ఆశీర్వాదం సీటు మీంచి లేచి పెడలు మీద నిలబడ్డాడు. అతని వీపు రాయమల్లు మొహానికి జానెడు దూరంలో ఉంది. మొదట ఉఫ్ ఉఫ్‌మన్నాడు. కాసేపటికి ఆ ఉఫ్‌ల మధ్య సన్నగా ఈల లేచింది. చొక్కా వీపుకంటుకుపోయింది. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. మెడ మీద నరాలు తాడులా ఉబ్బాయి. ఊపిరి లోపలికి పోతున్నట్టే ఉంది కానీ ఎక్కడో సగంలో చిక్కుకుని వెనక్కొస్తోంది. ఒక్క దమ్ముకూ ఇంకో దమ్ముకూ నడుమ, వస్తుందా రాదా అన్నట్టు చిన్న ఖాళీ. వెనక కూర్చున్నవాడికి ఆ ఖాళీలో చేసేదేమీ లేదు. తొక్కలేడు, తొయ్యలేడు. సుఖంగా, మెత్తగా, కాళ్లు కడ్డీల మీద పెట్టుకుని, ఆ మనిషి బరువు తానేనని తెలుస్తూ కూర్చోవాలి. తెలియకుండానే రాయమల్లు చెయ్యి ముందుకు పోయి ఆశీర్వాదం చొక్కా పట్టుకుంది.

"ఆపు. దిగుత."

ఆశీర్వాదం కాలు కింద ఆనించి, హ్యాండిలు మీద వాలిపోయి, తల తిప్పకుండానే అడిగాడు. "ఏం... గుచ్చుతాందా?"

రాయమల్లు దిగి రోడ్డు పక్క మట్టిలో కూర్చున్నాడు. లారీలు పోతున్నాయి. వాటివైపు చూస్తూ అడిగాడు.

"నేను తొక్కేటప్పుడు గిట్లనే ఉంటదా?"

"గిట్ల యాడిది? నేను పైన గాలి పీల్చినోన్ని, లావు ఒళ్లుకు రొప్పిన. నీది వేరే లెక్క. నువ్వు మా దుకాణం ముంగటికెల్లి పోతుంటే నీ రొమ్ముల పిల్లికూతలు మా మగ్దలేన చాయ్ పోస్కుంట ఇంటది."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకుంటవా? మీ లోపలి మనుషులల్ల ఒక్కడన్న ఒప్పుకున్నడా ఇప్పటిదాక?"

ఆ మాటా నిజమే. బొగ్గుపొడి మింగిన రొమ్ములు రొప్పుతుంటే గని మనిషి జలుబంటాడు, బీడీ అంటాడు, పొద్దున మంచు అంటాడు. ఊపిరాడక దమ్మొస్తోందని మాత్రం చచ్చినా అనడు. డాక్టరు చెవిన పడిందంటే అన్‌ఫిట్ రాసి గనిలోంచి పైకి పంపిస్తాడని భయం. ఆ మాట నాలుక మీదికి రాకుండా బిగబట్టి బిగబట్టి, కొలువు పోయాక కూడా అదే అలవాటైపోతుంది. రాయమల్లు జలుబూ బీడీ దాటి చైను దాకా వచ్చాడు. చైనుకు పాపం, అవసరానికి మించి ఆయిల్ పట్టింది.

ఆశీర్వాదానికి ఆ ఎత్తుతో మోకాళ్లు పట్టేశాయి. అతన్ని దుకాణంలో దింపి రాయమల్లు ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. నాగవ్వ అదే గోడకు ఆనుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. అతను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆ సీటు మీద కూసున్ననే."

"ఎవలు?"

"నేనే. ఆశీర్వాదం తొక్కిండు. ఎత్తు దాక పోయినం."

నాగవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది.

"గుచ్చలే" అన్నాడు రాయమల్లు.

ఒక్కసారిగా మళ్లీ ఇటు తిరిగింది. ఆ ఉబ్బిన మొహంలో అంత కోపం ఎక్కడ దాక్కుని ఉందో మరి.

"మరి ఏం చెయ్యమంటవ్? నువ్వు నా ముంగట సస్తుంటే, ఎనక కూసొని సీటు మెత్తగున్నదని మురువాల్నా? చైనన్నవ్. రాత్రి పండుకున్నప్పుడు గూడ చైను కూస్తదా? మిల్లుల కుర్చిల కూసున్నప్పుడు కూస్తదా? నేను సెవిటిదాన్నా, పిచ్చిదాన్నా?"

"నాగవ్వా..."

"దిగి నడుస్తెనన్న జర నీకు అల్కగైతదని దిగిన. ఇగ నడిచెటందుకు గూడ నాకు శాతనైతలే. నేనెట్లన్న పోయేదాన్నే. మిషిన్ పెట్టి ఎన్నొద్దులు గుంజుతరు? నన్ను మోస్కుంట ఆ ఎత్తు మీద నువ్వు గూడ పడిపోతే నిఖితకు ఎవలుంటరు? ఇద్దరిట్ల ఒకలన్న మిగలాలె గదా!"

"ఎవలు మిగలాల్నో చెప్పెటందుకు నువ్వెవతివే?" రాయమల్లు గట్టిగా అరిచాడు. అరుపు సగంలోనే దగ్గు తెరలోకి మారింది. వంగిపోయి దగ్గాడు. నాగవ్వ మంచినీళ్ల చెంబు వైపు చెయ్యి చాచింది, అందలేదు. దగ్గు ఆగాక అతని గొంతు పూర్తిగా పడిపోయింది. "రేపు పిల్ల వచ్చి అవ్వ ఏదని అడుగుతది. ఏం చెప్పాలె? సీటు గుచ్చిందని చెప్పాల్నా?"

నాగవ్వ ఏడ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలక మధ్యమధ్య ఆగుతూ ఏడ్చింది. రాయమల్లు ఆమె పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఇంత భయం అతనికి గనిలో పైకప్పు పెళపెళమన్నప్పుడు కూడా వెయ్యలేదు.

"వస్త" అంది చివరికి. "కని నువ్వు తొక్కద్దు. నేను కూసుంట, నువ్వు పట్టుకొని నడువు. దమ్మొస్తే దమ్మొస్తాందని నోరుతోని చెప్పాలె. చైనన్నవా, గా నిమిషమే దిగి ఇంటికొస్త."

"ఇయ్యాల ఒక్కనాడు ఆటోల పోదాం."

"ఆటోల పోతే ఇయ్యాల ఒక్కనాడే పోత. గిట్ల పోగలిగితేనే ఎల్లుండి గూడ పోత. ఎట్లయితదో ఇయ్యాల్నే సూసుకుందాం."

వాదించే ధైర్యం అతనికి లేదు. ఎక్కడ మళ్లీ మనసు మార్చుకుంటుందోనని నోరెత్తకుండా పానా తీశాడు. బోల్టు మీద పానా పెట్టి ఆగాడు. సీటు కట్టిన ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగని మాట అప్పుడు అడిగాడు.

"ఎట్ల పెట్టమంటవ్?"

"ఎనక లేపిన ఆ బెల్టు ముక్క తియ్యి. ముందుకు జారుతాన్న. కాలుకడ్డి జర కిందికి దించు. మోకాళ్లు ముడుసుకపోతున్నయ్."

"గిది ఎన్నడు చెప్పకపోతివి?"

"నువ్వు ఎత్తు కాడ గుచ్చుడు గురించే అడిగితివి."

బెల్టు ముక్క పీకేశాడు. సీటు సమంగా కూర్చుంది. కడ్డీలు దించి, ఆమె పాదాలు పెట్టి చూసి, ఇంకొంచెం దించి బిగించాడు. నాగవ్వ కూర్చుని అటూ ఇటూ కదిలి తలూపింది. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు వెనక పెట్టి రాయమల్లు నడవడం మొదలుపెట్టాడు.

ఎండ నెత్తిన మాడుతోంది. చౌరస్తాలో ఈసారి ఎవరూ నవ్వలేదు. దుకాణం ముందు మోకాళ్లకు నూనె రాయించుకుంటున్న ఆశీర్వాదం లేచి నిలబడబోయి మళ్లీ కూలబడ్డాడు. వంతెన దాకా ఎట్లాగో వచ్చారు. ఎత్తు మొదలవగానే బండి బరువెక్కింది. పది అడుగులు తోసేసరికి రాయమల్లు రొమ్ములో ఈల లేచింది. పళ్లు బిగించాడు. ఇంకొంత తోశాడు. వెనకనుంచి ఒక్క మాట లేదు. చొక్కా గుంజడం లేదు. ఆమె కాసుకుని ఉందని తెలుస్తోంది. కాళ్లు వణుకుతున్నాయి, కళ్ల ముందు రోడ్డు నల్లబడుతోంది, అయినా ఆ మాట నాలుక దాకా వచ్చి ముడుచుకుపోతోంది. సర్వీసంతా బిగబట్టిన మాట ఒక్క పూటలో ఎట్లా వదులుతుంది?

నాగవ్వ కాలు కడ్డీ మీంచి తీసి కిందికి జాపింది. దిగబోతోంది.

"దమ్మొస్తాందే" అన్నాడు రాయమల్లు.

గొంతు కీచుమంది. సిగ్గుతో తల పైకెత్తలేదు. బండిని తుంటికి ఆనించుకుని నిలబడిపోయాడు. నాగవ్వ కాలు మళ్లీ కడ్డీ మీద పెట్టుకుంది. మంచి చేత్తో అతని వీపు మీద రాసింది.

"ఆగు. మంచిగ తీస్కో. తొందరేం లేదు."

తొందరంతా ఆమెకే ఉంది. ఆమె పెదాలు నల్లబడుతున్నాయి, మాటకూ మాటకూ నడుమ నోరు తెరుచుకుంటోంది. అయినా అదే అంది. ఆ ఎత్తు మీద ఎన్నిసార్లు ఆగారో ఇద్దరూ లెక్కపెట్టలేదు. ఆగిన ప్రతిసారీ అతను చెప్పాడు, ఆమె సరేనంది. పక్కనుంచి పోయే బండ్లవాళ్లు హారన్లు కొట్టారు, కొందరు తిట్టారు కూడా. ఒకసారి అతనే సైకిలు పట్టుకుని మట్టిలో మోకాళ్ల మీద కూలబడితే, ఇక ఇక్కడే ఇద్దరి పనీ అయిపోయిందనుకున్నాడు. నాగవ్వ సీటు మీంచే అతని జుట్టు పట్టుకుని మెల్లగా లేపింది.

పెద్దాసుపత్రి చేరేసరికి పొద్దు వాలింది. నాగవ్వ వంతు ఎప్పుడో దాటిపోయి డయాలసిస్ గదిలో ఆఖరి షిఫ్టు నడుస్తోంది, అందులో ఒక పడక ఖాళీగా ఉంది. మిషిన్లు చూసే డేవిడ్ నాగవ్వ మొహం చూడగానే కేకలేశాడు.

"ఏందవ్వా ఇది? మొన్న రాకపోతివి, ఇయ్యాల గీ యాళ్లకా వచ్చుడు? పానం మీద ఆశ లేదా? ఎందుకు ఇంత ఆలస్యం?"

మిషిన్‌కు మిషిన్‌కు మధ్య పడకల మీద ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. అందులో సగం మంది గని ఇళ్లవాళ్లే, రాయమల్లును పేరుతో ఎరిగినవాళ్లే.

"మా ఆయనకు దమ్ము" అంది నాగవ్వ అందరూ వినేట్టు. "ఎత్తు కాడ ఆగుకుంట ఆగుకుంట వచ్చినం."

రాయమల్లు తలుపు దగ్గర బిగుసుకుపోయాడు. ఇన్నేళ్లు డాక్టర్ల దగ్గర, దోస్తుల దగ్గర, కూతురి దగ్గర దాచిన మాట ఆ గదంతా వినిపించింది. ఇక పైకి పొమ్మంటారు, పనికిరావంటారు అన్నట్టు అలవాటు కొద్దీ ఒళ్లు ముడుచుకున్నాడు. డేవిడ్ నాగవ్వను పడక మీదికి ఎక్కించి, చేతికి సూదులు పెట్టి, గొట్టాలు బిగించి, అప్పుడు వెనక్కి తిరిగాడు. మూలనున్న కుర్చీ లాక్కొచ్చి నాగవ్వ పడక పక్కన వేశాడు.

"కూసో బాపూ. ముందుగాల జర ఊపిరి తీస్కో. రొమ్ము డాక్టరు పొద్దున వస్తడు, సూపించుకొని పోదువు గాని."

రాయమల్లు కూర్చున్నాడు. మిషిన్ తిరగడం మొదలైంది, ఎర్రటి గొట్టంలో నాగవ్వ రక్తం కదిలింది. అది చూశాక అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని, నలుగురి ముందూ భోరుమని ఏడ్చాడు.